రాకెట్‌కి రెండు ఎత్తులు

ఆ వేసవిలో మా జోలీన్ రాకెట్ ఎప్పుడు ఎగిరినా రెండు ఎత్తులు ఎగిరేది. వెండెల్ హాస్ కళ్ళకి ఒక ఎత్తు, మా మామగారి కళ్ళకి ఇంకో ఎత్తు. మామగారిది ఎప్పుడూ తక్కువే. మా పడమటి నెబ్రాస్కాలో ఆకాశానికి అడ్డంగా చెట్టూ ఉండదు, కొండా ఉండదు. కళ్ళున్న వాడెవడైనా చూసుకోవచ్చు. అయినా సరే, ఆ మూరెడు అట్ట గొట్టం ఆ ఇద్దరికీ ఒక్కసారి కూడా ఒకే చోట కనపడి చావలేదు.

కారణం నాకు తెలుసనే అనుకున్నాను. మా మామగారు లుడ్విక్ స్వోబోడాకి వెండెల్ గిట్టడు. గిట్టకపోవడానికి కారణం నేను. నా భర్త ఎమిల్ గోధుమ విత్తనాలు వేస్తూ వేస్తూ ట్రాక్టర్ మీదే గుండె ఆగి పోయాడు, నలభై కూడా నిండకుండా. అప్పటికి మూడేళ్ళయింది. ఇంట్లో నేనూ, పదమూడేళ్ళ మా అమ్మాయి జోలీనూ, మామగారూ మిగిలాం. వెండెల్ మా దారిలో ఉత్తరాలు పంచే మనిషి. కారుకి స్టీరింగు ఎడంపక్కన ఉంటే తను కుడిపక్కన కూర్చుని, ఎడంకాలూ ఎడంచెయ్యీ అటు చాపి నడుపుతూ, కుడిచేత్తో డబ్బాల్లో ఉత్తరాలు పడేస్తూ పోయేవాడు. అలాంటి వంకర కూర్చోడంతోనే మా వాకిట్లో కారు ఆపి, ఒక జూన్ పొద్దున నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. కారు దిగనైనా దిగలేదు మహానుభావుడు. నాకు నవ్వొచ్చింది. తర్వాత చాలాసేపటికి ఏడుపొచ్చింది.

నాకు ఇష్టమే. దాచుకోవడానికేముంది, చాలా ఇష్టం. కానీ మామగారిని ఒంటరిగా వదిలి పోలేను. ఆయన మొహం తిప్పుకునే మనిషిని తెచ్చి ఆయన ఇంట్లోనే కూర్చోబెట్టలేను. ఆగస్టు చివర్లో మా జిల్లా సంత జరుగుతుంది, పిల్లలు పెంచినవీ చేసినవీ పోటీకి పెట్టే తిరనాళ్ళలాంటిది. అది ముగిశాక వెండెల్‌కి లింకన్ నగరం దగ్గర ఉత్తరాలు పంచడానికి ఇంకో దారి ఇస్తామన్నారు. నేను ఊ అంటే ఇక్కడే ఉంటాడు, ఉహూ అంటే వెళ్ళిపోతాడు. సంతలోపు చెబుతానన్నాను.

వెండెల్ వాకిట్లోకి వస్తే మామగారు వెనక గుమ్మంలోంచి కొట్టంలోకి వెళ్ళిపోయేవారు. ఆయనకి ఎనభై దగ్గరపడుతున్నాయి, మోకాళ్ళు పట్టేస్తాయి. కానీ ఆ కారు చప్పుడు వింటే మాత్రం కుర్రాడిలా లేచేవారు.

జులైలో కోతలు అయ్యాక ఓ సాయంత్రం భోజనాల దగ్గర జోలీన్ తన రాకెట్ గొడవ బయటపెట్టింది. సంత పోటీకని పిల్లల క్లబ్బులో తలా ఒకటి ఎంచుకుంటారు, అది రాకెట్లు తీసుకుంది. అందరి పిల్లల్లా దూడనో కోడినో పెంచొచ్చుగా అంటే వినలేదు.

“సంతలో రాకెట్ పెట్టాలంటే మూడుసార్లు ఎగరేసి ఎంత ఎత్తు వెళ్ళిందో చూపించాలి తాతయ్యా. దానికి ఇద్దరు మనుషులు కావాలి. మధ్యలో రాకెట్టు, అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు. రాకెట్ పైకెళ్ళి ఆగిన చోటు చూసి, తల ఎంత పైకెత్తారో కోణం చెప్పాలి. నించున్న చోటు నుంచి రాకెట్ దాకా దూరం మనకి తెలుసు. దూరాన్ని ఆ కోణం ట్యాన్‌తో గుణిస్తే ఎత్తు వచ్చేస్తుంది.”

“దానికి ఇద్దరెందుకు? నా కళ్ళు చాలవా?”

“చాలవు. గాలికి రాకెట్ ఓ పక్కకి వాలిందనుకో, అటువాళ్ళకి ఎక్కువ ఎత్తులో కనపడుతుంది, ఇటువాళ్ళకి తక్కువలో కనపడుతుంది. ఇద్దరి లెక్కా దగ్గర దగ్గరగా వస్తేనే ఒప్పుకుంటారు. పదో వంతు కన్నా ఎక్కువ తేడా వస్తే అసలు ఎగరనట్టే.”

“రెండో మనిషి మీ అమ్మా?”

“అమ్మ పనికిరాదు. రాకెట్ లేవగానే కళ్ళు మూసేసుకుంటుంది. హాస్ గారు వస్తానన్నారు.”

నేను పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాను. మామగారు రొట్టెకి వెన్న రాసుకోవడం ఆపి అడిగారు, “నేను ఏ చివర?”

“కంచె చివర. మూల గుంజ దగ్గర.”

“ఆ ఉత్తరాలవాడు?”

“రోడ్డు చివర.”

“మధ్యలో పావు మైలు ఉంటుంది కదా?”

“ఉంటుంది.”

“అయితే సరే,” అన్నారు. మనవరాలి మాట కాదనడం ఆ మనిషికి చేతకాదు, ఏం చేస్తారు పాపం.

మా వైపు భూములన్నీ గళ్ళ దుప్పటి పరిచినట్టు ఉంటాయి. మైలుకో రోడ్డు, అర మైలుకో గట్టు, పావు మైలుకో గుంజ. రోడ్డు నుంచి మా మూల గుంజ పావు మైలని మామగారి తండ్రి కాలం నుంచీ అందరికీ తెలుసు. మా ఊళ్ళో పావు మైలుని టేపు పెట్టి కొలిచేవాణ్ణి చూసి నవ్వుతారు. అందుకని జోలీనూ నేనూ రోడ్డు చివర నుంచి ఆరువందల అరవై అడుగులు తాడుతో కొలిచి, అక్కడ రాకెట్‌కి ఇనప ఊచ పాతాం. అవతల మిగిలింది ఇంకో ఆరువందల అరవై అన్నమాట. పావు మైల్లోంచి తీసేస్తే ఎవరికైనా తేలే లెక్కే కదా అనుకున్నాం. ఆ ఏడు దున్ని ఖాళీగా వదిలేసిన చేలోనే ఎగరెయ్యాలని మామగారి షరతు. కోసిన గోధుమ మోళ్ళ మీద ఒక్క నిప్పురవ్వ పడితే ఇక చూసుకోనక్కర్లేదు.

మొదటి ఆదివారం మబ్బు లేదు, గాలి లేదు. ఒక్కొక్కరి చేతిలో జోలీన్ తయారుచేసిన కోణమానిని ఉంది. దానికి ఒక సన్నటి గొట్టం, చూడ్డానికి. ఒక దారం, దాని కొసన ఒక ఇనప నట్టు. ఇద్దరికీ, జోలీన్‌కీ వైర్‌లెస్ సెట్లు. జోలీన్ లెక్కపెట్టి మీట నొక్కింది. బుస్సుమని లేచింది రాకెట్. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి చిన్న గొడుగు విప్పుకుని దిగుతోంది.

“తాతయ్యా, నీదెంత?”

“నలభై ఒకటి.”

“హాస్ గారూ, మీదెంత?”

“నలభై అయిదు. అరా అటూ ఇటూ ఉండొచ్చమ్మా.”

జోలీన్ పుస్తకం వెనక పట్టిక చూసి గుణించింది, మళ్ళీ గుణించింది. “హాస్ గారి వైపు ఆరువందల అరవై అడుగులు. తాతయ్య వైపు అయిదువందల డెబ్భై చిల్లర. ఇది పనికిరాదు.”

“దారం ఊగిందేమో,” అన్నాడు వెండెల్, వైర్‌లెస్‌లో.

“నా దారం ఊగలేదని చెప్పు,” అన్నారు మామగారు. ఇద్దరి చేతుల్లో ఉన్నదీ అదే సెట్టు, ఒకరి మాట ఒకరికి చక్కగా వినపడుతూనే ఉంది. అయినా ‘చెప్పు’ అని మనవరాలితోనే.

ఆ తర్వాత ఆదివారమూ అంతే, ఆ తర్వాతదీ అంతే. ఈయన ఎడ్డెమంటే ఆయన తెడ్డెం. గాలి ఎటు వీచినా మామగారి రాకెట్ వెండెల్ రాకెట్ కిందనే ఎగిరేది. ఆగస్టు సగమయ్యేసరికి జోలీన్ దగ్గర, ఎగరేసినప్పుడల్లా ఒకటి కాలిపోయే ఇంజన్లు అయిపోవచ్చాయి, నా ఓపిక ఎప్పుడో అయిపోయింది.

వెండెల్ ఓ రోజు మర్యాదగానే అన్నాడు, “స్వోబోడా గారూ, మనం చివరలు మార్చుకుని చూద్దామా? మీరు రోడ్డు దగ్గరికి రండి, నేను గుంజ దగ్గరికి పోతాను. లోపం కళ్ళదో, కోణమానినిదో తేలిపోతుంది.”

వైర్‌లెస్ గరగరమంది. తర్వాత మామగారి గొంతు వచ్చింది. “జోలీన్, ఆ గుంజ దగ్గర నేను తప్ప ఎవరూ నించోరని చెప్పు.”

రోడ్డు చివర తన పక్కనే నిలబడ్డ నా వైపు వెండెల్ చూశాడు. ఆ చూపుకి నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు భోజనానికి కూడా ఉండకుండా వెళ్ళిపోయాడు. ఒలిచిపెట్టిన మొక్కజొన్న కండెలు అలాగే ఉండిపోయాయి.

సంత ఇంక వారం ఉందనగా నేను ఊరుకోలేకపోయాను. నా నోరు సంగతి ఊరందరికీ తెలుసు. అందరూ తింటూ ఉండగానే కంచు మోగినట్టు మొదలెట్టాను.

“మామయ్యా, ఒక మాట అడుగుతాను. మీకు వెండెల్ నచ్చకపోతే నాకు చెప్పండి. నా మొహం మీదే చెప్పండి, పడతాను. ఆ కోపం పిల్ల రాకెట్ మీద చూపిస్తారేమిటి? ఎప్పుడు చూసినా నాలుగు డిగ్రీలు తగ్గించి, అయిదు డిగ్రీలు తగ్గించి… చిన్నపిల్లాడి చేష్టలు కాకపోతే!”

“నేను తగ్గించానా?”

“మరి ఎవరు తగ్గించారు? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటారు మీరు, నాకు తెలీదా!”

ఆయన మొహం ఎర్రబడింది. జామ్ పెట్టి కాల్చిన కొలాచీ రొట్టె ముక్క చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఎప్పుడూ నాతో గొంతెత్తి మాట్లాడని మనిషి. నాకు అప్పుడే నాలుక కరుచుకోవాలనిపించింది, కానీ వచ్చిన మాట వచ్చేసింది.

జోలీన్ నిమ్మళంగా అంది, “తాతయ్య తగ్గించట్లేదమ్మా.”

“నువ్వు తాతని వెనకేసుకు రాకు.”

“వెనకేసుకు రావట్లేదు. కోపంతో చెప్పేవాళ్ళయితే ఒకసారి ఎక్కువ తగ్గిస్తారు, ఒకసారి తక్కువ తగ్గిస్తారు. గాలి అటు వీచినా ఇటు వీచినా తాతయ్యది ఎనిమిదింట ఒక వంతు తక్కువ, అటూ ఇటూగా. ప్రతిసారీ అంతే. కోపం అంత లెక్కగా రాదు కదా. తాతయ్య కోణం కరెక్టే. మనం తాతయ్య వైపు దూరమే తప్పు వేస్తున్నాం. అటు వైపు మనం అసలు కొలవనే లేదు.”

“పావు మైలు పావు మైలే కదే,” అన్నాను.

“గుంజ అక్కడుంటేనే కదా.”

మామగారు కొలాచీ పళ్ళెంలో పెట్టేశారు. లేచి, కుర్చీ జాగ్రత్తగా బల్ల కిందికి తోసి, టోపీ తీసుకుని బయటికి వెళ్ళిపోయారు. కిటికీలోంచి చూస్తే కొట్టం అరుగు మీద కూర్చుని ఉన్నారు, చేల వైపు చూస్తూ. నేను వెళ్ళి క్షమించమని అడగాలనుకున్నాను. గిన్నెలు కడుగుతూ ఉండిపోయాను.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చి నేను బట్టలన్నా మార్చుకోకముందే వెండెల్ కారు వచ్చింది. మామగారు కొట్టంలోకి వెళ్ళలేదు. వాకిట్లోనే నిలబడ్డారు. కారు ముందు చక్రం వైపు చూస్తూ అడిగారు.

“నీ దగ్గర టేపు ఉందా?”

వెండెల్ వెనక్కి తిరిగి చూశాడు, ఎవరినో అనుకుని. “వంద అడుగులదుందండీ.”

“పద.”

నలుగురం చేలోకి నడిచాం. జోలీన్ చేతిలో పుల్లలు, నా చేతిలో నిమ్మరసం జాడీ. వందడుగుల టేపుతో దూరం కొలవాలంటే ఒకడు చాలడు, ఇద్దరు మాట్లాడుకోకపోతే కుదరదు. ఊచ దగ్గర మామగారు ఒక చివర పట్టుకున్నారు, వెండెల్ రెండో చివర పట్టుకుని ముందుకి వెళ్ళాడు.

“బిగించు,” అన్నారు మామగారు.

“చాలా?”

“ఇంకా. నడుము వేలాడుతోంది దానికి.”

“ఇప్పుడో?”

“పాతెయ్.”

జోలీన్ పుల్ల పాతింది. నేను జాడీ రెండు చేతులా పట్టుకుని వెనకాల నడుస్తున్నాను, ఊపిరి గట్టిగా తీస్తే ఏం చెడుతుందో అన్నట్టు. దున్నిన మట్టిలో మామగారు ఓసారి తూలారు. వెండెల్ చెయ్యి అందించలేదు. టేపు వదలకుండా, ఆయన నిలదొక్కుకునే దాకా ఆగాడు. నాకు ఆ మనిషి మీద ప్రేమ ఆ క్షణాన ఎంత పొంగిందో చెప్పలేను. చెయ్యి అందించి ఉంటే అంతా చెడిపోయేది.

గుంజ దగ్గరికి వచ్చాం. జోలీన్ వంగి టేపు చూసి అరిచింది, “ఏడువందల యాభై! తొంభై అడుగులు ఎక్కువ! నేను చెప్పానా!”

వెండెల్ గుంజ మీద చెయ్యి వేశాడు. రాయిలాంటి కర్ర, నిటారుగా ఉంది. “ఎవరో పక్కన పాతారు. గట్టిగానే పాతారు. పోనీ దీన్ని సరైన చోటికి జరుపుదామా స్వోబోడా గారూ? ట్రాక్టర్ ఉంటే ఒక పూట పని.”

“వద్దు,” అన్నారు మామగారు.

ఆయన టోపీ తీసి తల తుడుచుకున్నారు.

“మా నాన్న పాతిన గుంజ ఆ పల్లంలో ఉండేది. నీళ్ళు నిలిచి కుళ్ళిపోయింది. ఎమిల్ ఈ మెరక మీదికి తెచ్చి పాతాడు, నేను ఊళ్ళో లేనప్పుడు. వచ్చి చూసి మండిపడ్డాను. గీత తప్పించావురా అన్నాను. వెనక్కి జరపమని వాడితో వారం రోజులు పోట్లాడాను. విత్తనాలయ్యాక చూద్దాంలే నాన్నా అన్నాడు.”

అంతే చెప్పారు. ఎమిల్ ఆ విత్తనాల్లోనే పోయాడు. కుళ్ళిన గుంజ తీసి కొత్తది పాతాడని నాకు తెలుసు గానీ, చోటు మార్చాడనీ, దాని కోసం తండ్రీ కొడుకులు పోట్లాడుకున్నారనీ నాకు తెలియదు. ఇంటికొచ్చి ఇద్దరూ నా ముందు ఒక్క మాట ఎత్తలేదు. నేనేమో ఈయన్ని ముందురోజు అన్ని మాటలన్నాను. జాడీ కింద పెట్టి ఏడ్చాను. జోలీన్ నా చెయ్యి పట్టుకుంది.

“గుంజ జోలికి పోవద్దు,” అన్నారు మామగారు వెండెల్‌తో, ఈసారి మొహంలోకి చూస్తూ. “అది ఉన్నచోటే ఉంటుంది. లెక్క మార్చుకోండి.”

వెండెల్ గుంజ మీంచి చెయ్యి తీసేసి టోపీ తీశాడు. “అలాగేనండి,” అన్నాడు.

ఆ మధ్యాహ్నమే మిగిలిన మూడు ఇంజన్లతోనూ ఎగరేశాం. మొదటిదానికి జోలీన్ అడగబోతుంటే వైర్‌లెస్‌లో మామగారే ముందు మాట్లాడారు.

“హాస్, నీదెంత?”

వెండెల్ చెప్పాడు, “నలభై నాలుగండీ. మీదీ?”

“నలభై. పిల్లా, గుణించు.”

జోలీన్ గుణించింది. ఒకరిది ఆరువందల ముప్ఫై ఏడు, ఇంకొకరిది ఆరువందల ఇరవై తొమ్మిది. మట్టిలో అది వేసిన గంతులు చూడాలి. రెండోదీ కుదిరింది, మూడోదీ కుదిరింది. మూడోసారి రాకెట్ గాలికి కొట్టుకుపోయి పక్కవాళ్ళ మొక్కజొన్న చేలో పడింది. జోలీనూ వెండెలూ దాన్ని వెతకడానికి పరిగెత్తారు. ఆ చేలో పైరు మనిషిని మించి పెరిగి ఉంది, ఇద్దరి అరుపులే వినపడుతున్నాయి.

నేనూ మామగారూ ఇంటి వైపు మెల్లగా నడిచాం. నేను క్షమించమన్నాను. ఆయన చేత్తో ఈగని తోలినట్టు తోసేశారు.

“వాడికేం చెప్పావు అమ్మాయ్?”

“ఇంకా ఏమీ చెప్పలేదు.”

“ఊ అంటే ఎక్కడుంటారు? లింకన్‌లోనా?”

“ఇక్కడే మామయ్యా. మీరు సరేనంటేనే. లేకపోతే లేదు.”

“వాడికి గోధుమ సంగతి తెలుసా?”

“బొత్తిగా తెలీదు.”

“పొద్దున్నే లేస్తాడా?”

“ఉత్తరాలు పంచే మనిషి. మీకంటే ముందే లేస్తాడు.”

ఇంకాస్త దూరం నడిచారు. మోకాలు పట్టేసిందేమో, ఆగి నా భుజం పట్టుకున్నారు.

“ఎమిల్ కుర్చీలో కూర్చోడానికి వీల్లేదు.”

“కూర్చోడు.”

“అయితే ఇంకో కుర్చీ చెయ్యాలి,” అన్నారు. “కొట్టంలో వాల్‌నట్ కర్ర ఉంది. పొడవాటి మనిషి, వీపు కాస్త ఎత్తుగా పెట్టాలి.”

నేను ఆయన్ని పట్టుకుని చేలోనే ఏడ్చాను. “చాల్లే, మట్టంతా బురదయ్యేలా ఉంది,” అని విసుక్కున్నారు గానీ, భుజం మీంచి చెయ్యి తియ్యలేదు.

సంతలో జోలీన్‌కి రెండో బహుమతి వచ్చింది. మొదటిది ఎవరి దూడకో పోయింది. మా పెళ్ళికి ముందు రోజు మామగారు కుర్చీ మోసుకుని వంటింట్లోకి వచ్చారు, ఎవరినీ సాయం పట్టనివ్వలేదు. బల్లకి నాలుగో వైపు, ఎమిల్ కుర్చీ పక్కనే పెట్టి వెండెల్‌ని కూర్చోమన్నారు. వెండెల్ కూర్చున్నాడు. కుర్చీ కుడివైపుకి ఒరిగింది. ఒక కాలు పొట్టి.

“కాలు సరిగ్గానే ఉంది,” అన్నారు మామగారు. “నేలే వంకర.”

“అవునండీ, నేలే వంకర,” అన్నాడు వెండెల్, ఒరిగి కూర్చునే సూప్ అందుకుంటూ.